ఉప్పుంది, కారముంది

కూరలో ఉప్పుంది, కారముంది. కూరే లేదు.

దశరథ ముద్దను నాలుక మీద అటూ ఇటూ దొర్లించి చూశాడు. చింతచిగురు వేసి వండిన చేపల పులుసు. మిర్యాలగూడలో ఆ వాడకట్టు మొత్తానికీ శైలజ చేతి పులుసంటే పేరు. అది పొయ్యి మీద ఉడుకుతుంటే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని ఏదో పని కల్పించుకుని వచ్చేవాళ్లు. అలాంటి కూర నోట్లో పెట్టుకుంటే పులుపు తగులుతోంది, మంట తగులుతోంది, మెత్తగా ఏదో నలుగుతోంది. అంతకు మించి దూది నమిలినట్టే ఉంది.

"ఏమేసినవే ఇందుల?" అన్నాడు.

శైలజ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే, "ఏమేస్త? ఎప్పుడేసేదే ఏసిన" అంది.

తల తిప్పకుండా ఎందుకంది? దశరథ అది పట్టుకున్నాడు. కట్టుకున్న మొగుడు ఒక మాట అడిగితే మొహం చూసి చెప్పొద్దా?

అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత మనిషి పుట్టాడంటారు. దశరథ విషయంలో మాత్రం అది తిరగబడింది. నలభై దాటే దాకా ఇంటికి తాళం వేశాడో లేదో కూడా చూసుకోని మనిషి. ఎవరు ఏ బదులు అడిగినా ఇచ్చి మరిచిపోయేవాడు. ఈ మధ్యనే అనుమానం పురుగై తొలచడం మొదలైంది. ఇప్పుడు ఇంట్లో ఏ గిన్నె మీద మూత కనబడినా ఎత్తి చూస్తాడు. ఉప్పు డబ్బా, చింతపండు జాడీ, ఆఖరికి దేవుడి గూట్లో కుంకుమ భరిణె కూడా వదలలేదు. శైలజ మొదట నవ్వింది, తర్వాత కసిరింది, ఇప్పుడు చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. ఊరుకోవడం కూడా అనుమానంగానే ఉంది అతనికి.

ఆమె వచ్చి చిన్న స్టీలు గిన్నెలో పెరుగన్నం కలిపి ముందు పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లలో పెరుగన్నం కలిపి పెట్టిన మనిషి కాదు. పెరుగు గిన్నె పక్కన పెట్టి తన పని తాను చూసుకునేది. ఈ మధ్యే ఈ ముద్దు పుట్టుకొచ్చింది. దశరథ వేలితో గిన్నె అంచు గీశాడు. తెల్లటి పలుకు ఒకటి గోటికి తగిలింది. పెరుగు తరకలా లేదు. నలిపితే పిండిగా రాలింది.

గిన్నెను ఆమె వైపు తోశాడు. "నువ్వు తిను."

"నేను తిన్న."

"మళ్ల తిను."

శైలజ గిన్నె వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. తర్వాత కింద కూర్చుని, ముద్ద వెంట ముద్ద తిని, గిన్నె వేలితో తుడిచి నాకింది. "ఇగ సాలా?" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దశరథకు జాలి కలగలేదు. ఏం జరుగుతుందో చూద్దామనుకున్నాడు.

*

మిల్లులో నానిన వడ్లకు ఆవిరి పట్టించే ట్యాంకుల దగ్గర దశరథ మాటే మాట. ఉప్పుడు బియ్యం మంచి చెడ్డలన్నీ అక్కడే తేలిపోతాయి. ఆవిరి తక్కువైతే మరలో నూక రాలుతుంది, ఎక్కువైతే బియ్యం ఎర్రబడుతుంది. ఎప్పుడు ఆపాలో చెప్పడానికి మిల్లులో ఎవరి దగ్గరా గడియారం లేదు, దశరథ ముక్కు ఉంది. పచ్చి వాసన పోయి, మక్క కంకి ఉడికినట్టు కమ్మటి వాసన ట్యాంకు మీదికి తేలుతుంది. అప్పుడు నిచ్చెన ఎక్కి గుప్పెడు వడ్లు తీసి, బొటనవేలితో ఒక గింజ నొక్కి చూస్తాడు. మూతి విచ్చుకుంటే కిందికి చేయి ఊపుతాడు. బాయిలర్ చూసే బీరప్ప వాల్వు కట్టేస్తాడు.

ఆ నిచ్చెన మీద నుంచే కిందటి దీపావళి ముందు వెల్లకిలా పడ్డాడు. వెనక తలకు కుట్లు పడ్డాయి, మానిపోయాయి. అక్కడ వేలెడంత మేర వెంట్రుక మొలవలేదు. చెమట పడితే దురద పుడుతుంది. మానిన పుండును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆ మచ్చను గోక్కుంటూ దశరథ ఆ మధ్యాహ్నం ట్యాంకు కింద నిలబడ్డాడు, వాసన కోసం ఎదురుచూస్తూ.

వాసన రాలేదు. ఈ యాసంగి పంట మొత్తం ఇదే తంతు. రైతులు మందులు కొట్టి కొట్టి వడ్ల వాసన చంపేశారని అతను కనబడిన వాళ్లందరికీ చెబుతున్నాడు.

బీరప్ప ఊక దుమ్ము కొట్టిన మొహంతో వచ్చాడు. "అన్నా, అయినట్టున్నయ్. ఒక్కసారి సూడు."

"నాకు చెప్తవా నువ్వు?"

"చెప్తలేనే. సూడమంటున్న."

వీడికెందుకు ఇంత తొందర? ఈ మధ్య రోజూ వస్తున్నాడు, తన కంటే ముందే నిచ్చెన ఎక్కి దిగుతున్నాడు. తన చేత పచ్చి వడ్లు దింపించి, మిల్లు ఓనరు సేటు ముందు పరువు తీసి, ఈ పని తాను కొట్టేద్దామని కాకపోతే? దశరథ చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. బీరప్ప ఇంకోసారి వచ్చి బతిమాలాడు. దశరథ ఉమ్మేసి మొహం తిప్పుకున్నాడు.

ట్యాంకు అడుగు మూత తీసేసరికి వడ్లు జారలేదు. ఊకలోంచి బియ్యం పగిలి బయటికొచ్చి, ముద్దలు ముద్దలుగా పడింది. హమాలీలు పారలు పట్టుకుని నోళ్లు తెరిచారు. సేటు వచ్చి ఒక ముద్ద వేళ్ల మధ్య నలిపి, "గంజి గాసినవ్ గదయ్యా" అన్నాడు.

"నేను కాదు సేటు. వీడు స్టీము పెంచిండు. నా మీద పగవట్టిండు."

"అన్నా, నేనెందుకు పెంచుత…"

మాట పూర్తి కాలేదు. దశరథ చేతిలోకి పార ఎలా వచ్చిందో అతనికే తెలియదు. నలుగురు పట్టుకుని వెనక్కి లాగకపోతే బీరప్ప తల రెండు చెక్కలయ్యేది. బీరప్ప పారిపోలేదు. చేతులు పైకి లేపి అక్కడే నిలబడి, "అన్నా… అన్నా…" అంటూ ఏడ్చాడు. ఆ ఏడుపు కూడా నాటకంలాగే కనబడింది దశరథకు.

"ఇంటికాడ జర రెస్ట్ తీస్కో" అన్నాడు సేటు, దూరం నుంచే. "మంచిగైతే రా. గిట్లనే ఉంటే మాత్రం, ఇగ నేను వేరే మనిషిని సూస్కుంట."

పొద్దు గూకుతుండగా ఇంటికి చేరాడు. శైలజ కుట్టు మిషను మీద తల పెట్టి నిద్రపోతోంది. సూది కింద ఎవరిదో జాకెట్టు సగం కుట్టి ఉంది. పక్కన ఫోను మోగి మోగి ఆగిపోయింది. పిలిస్తే లేవలేదు. భుజం పట్టి ఊపితే కళ్లు సగం తెరిచి, నాలుక మడతపడుతుంటే, "ఎప్పుడొచ్చినవ్…" అని మళ్లీ మిషను మీదికి ఒరిగింది. దశరథ ఆమె ముక్కు దగ్గర చేయి పెట్టి చూశాడు. ఊపిరి ఆడుతోంది.

భయం వేసింది. ఆ భయం కింద కొంచెం సంతోషం కూడా ఉంది, దాన్ని దాచి లాభం లేదు. ఇన్నాళ్లూ తన మాట ఎవరూ నమ్మలేదు. ఇదిగో, రుజువు. ఆ గిన్నె తాను తిని ఉంటే?

పెన్‌పహాడ్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు.

*

వెంకటనర్సమ్మ పొద్దున్నే మొదటి బస్సుకు దిగింది. గడపలోనే తమ్ముడి నాలుక చాపించి చూసింది, గోళ్లు నొక్కి చూసింది, కంటి రెప్పలు కిందికి లాగి చూసింది. ఏం చదివిందో ఏమో గాని డాక్టరు కంటే ముందే తేల్చేసింది.

"తమ్మీ, నీకు మందు వెట్టిండ్రురా."

ఆ మాటకు ఆ పక్క ఊళ్లలో అర్థం చెప్పక్కర్లేదు. ఎవరో తిండిలో ఏదో కలిపి పెడతారు, అది కడుపులో అంటుకుని పెరుగుతుంది, నోటికి రుచి చచ్చిపోయి మనిషి ఎండిపోతాడు. పసరు తాగించి దాన్ని కక్కించేవాళ్లు వేరే ఉంటారు. పాలకీడు అవతల ఒక ముసలాయన ఉన్నాడని వెంకటనర్సమ్మకు తెలుసు.

శైలజ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. మొహం ఇంకా నిద్రతో ఉబ్బి ఉంది. "వదినె, గసొంటి మాటలొద్దు. నేనే దవాఖానకు తోల్కపోదామనుకుంటున్న."

"దవాఖానకెందుకు? నీ గుట్టు దాచనీకా?"

శైలజ సమాధానం చెప్పబోయి, ఆగి, తల దించుకుంది. దశరథ చూశాడు. తప్పు చేయని మనిషి తల అలా దిగదు.

పాలకీడు దాటాక ఒక నిమ్మతోటలో రేకుల షెడ్డు. అప్పటికే జనం వరసగా కూర్చుని ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు ఆకుపసరు తాగడం, వెనక గుంట దగ్గరికి పరిగెత్తడం. దశరథ వంతు వచ్చింది. ముసలాయన లోటాడు పసరు తాగించి, కడుపు మీద చేత్తో రాసి, వీపు మీద చరిచాడు. పేగులు నోట్లోకి వచ్చినంత పనైంది. ముసలాయన గుంటలోకి వంగి, చేయి పెట్టి వెతికి, రేగుపండంత నల్లటి ఉండ ఒకటి పైకి తీశాడు.

"గిదే" అన్నాడు. "ఇంక ఆలస్యమైతే మనిషి దక్కకపోవు."

వెంకటనర్సమ్మ గుండెలు బాదుకుంది. "సూసినవారా? సూసినవా మీ ఇంటిదాని పని?"

దశరథ ఆ ఉండను ముసలాయన చేతిలోంచి లాక్కున్నాడు. ఆలోచించి చేసిన పని కాదు. చేతికి ఏ గింజ దొరికినా నొక్కి చూడడం బొటనవేలికి అలవాటు. నొక్కాడు. ఉండ రెండుగా విచ్చుకుంది. పైన తడి, లోపల పొడి. ఊక పొట్టు దుమ్ములా రాలింది.

"తాతా, గిది లోపల పొడిగెట్లుంది?"

"మందు గుణమే గంత బిడ్డా."

"నాకు చెప్తున్నవా? నేను నానవోసిన వడ్లల్ల చేతులు వెట్టి బతికెటోణ్ణి. ఒక్క రాత్రి నానితె గింజ లోపటి దాక తడుస్తది. నా కడుపుల ఇన్ని నెలలున్నది తడవకుంట ఎట్లుంటది? నీ చేతి సందులకెల్లి పడ్డది గిది."

వరసలో కూర్చున్నవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకామె పసరు లోటా కింద పెట్టేసింది. లోకం మొత్తాన్నీ అనుమానించే మనిషితో ఒక లాభం ఉంది, అసలు దొంగ కూడా వాడి చేతిలోంచి తప్పించుకోలేడు.

వెంకటనర్సమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తమ్ముణ్ణి పక్కకు లాగింది. "నడువు, నడువు. లొల్లి వెట్టకు."

"ముక్కెందుకు మూసుకున్నవే?"

"గా గుంట కంపు! కడుపుల తిప్పుతాంది. నీకొస్తలేదా?"

దశరథ చుట్టూ చూశాడు. పిల్లలూ పెద్దలూ అందరూ ముక్కులు మూసుకునే ఉన్నారు. కొంగులు, తువ్వాళ్లు, ఒట్టి అరచేతులు. వెనక్కి నడిచి, గుంట అంచున వంగి, గట్టిగా గాలి పీల్చాడు. గాలి వచ్చింది, పోయింది. అందులో ఏమీ లేదు.

హుజూర్‌నగర్ బస్టాండులో అతని వాలకం చూసినవాళ్లు నవ్వుకున్నారు. మల్లెపూలు అమ్మే ఆమె బుట్టలో మొహం పెట్టాడు. ఆమె తిట్టింది. పక్కన ఆగిన మోటారు సైకిలు పెట్రోలు మూత తీయించి ముక్కు ఆనించాడు. దుకాణంలో తలనొప్పి మందు సీసా కొని ముక్కు కింద పూసుకున్నాడు. కళ్లు మండి నీళ్లు కారాయి, వాసన మాత్రం లేదు. వెంకటనర్సమ్మకు భయమూ సిగ్గూ ఒకేసారి వేశాయి.

కూర మారలేదన్నమాట. వడ్లూ మారలేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు, తన సంగతి అంతే అయింది. ఆ మాట మనసులో అనుకుంటూ బస్టాండు అరుగు మీద చతికిలబడ్డాడు. కానీ వెంటనే పురుగు మళ్లీ లేచింది. ముక్కు సంగతి వేరు, పెరుగు సంగతి వేరు. గోటికి తగిలిన ఆ తెల్ల పలుకు? శైలజ మొద్దు నిద్ర?

అక్కను సూర్యాపేట బస్సు ఎక్కించి, తాను కోదాడ బస్సు ఎక్కాడు. కోదాడలో కూతురు దీప ఉంది, నర్సింగు చదువుతోంది. అతని అనుమానం ఇంతవరకూ తాకని మనిషి ఆ ఒక్కతే.

*

"ఎవరు కావాలండి? ఆడపిల్లల హాస్టలండి ఇది, బయటే నుంచోవాలి" అన్నాడు గేటు దగ్గరి కావలివాడు.

దీప తెల్ల చుడీదార్‌తోనే పరుగున వచ్చింది. తండ్రి చొక్కా మీద పసరు మరకలు, ఎర్రబడిన కళ్లు చూసి ఏమీ అడగలేదు. ఎదురుగా ఉన్న హోటల్‌కు తీసుకెళ్లి కూర్చోబెట్టింది. టీ వచ్చింది. దశరథ తాగలేదు. దీప ఒక్క క్షణం అతన్ని చూసి, అతని గ్లాసు తీసుకుని ఒక గుటక తాగి, మళ్లీ అతని ముందు పెట్టింది. అలా చేయాలని ఆ పిల్లకు ఎవరు నేర్పారు?

"బిడ్డా, మీ అమ్మ నా పెరుగుల ఏం కలుపుతాంది?"

దీప గ్లాసును బల్ల మీద గుండ్రంగా తిప్పింది. తిప్పుతూనే ఉంది.

"గోలీలు నాయినా. నేనే తెచ్చిచ్చిన."

దశరథ వినలేదన్నట్టు చూశాడు.

"నీకు నిద్ర లేదు, అందరి మీదికి లేస్తున్నవ్. దవాఖానకు రమ్మంటే నాకేమన్న పిచ్చా అంటున్నవ్. సూర్యాపేటల డాక్టరమ్మ దగ్గరికి అమ్మ, నేను పోయి చెప్పినం. తిననంటే కలిపి వెట్టుండ్రి అన్నది. నిన్న అమ్మ అదే తిన్నది. నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా లేవలే."

దశరథ దిగ్గున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. తల్లీ బిడ్డా ఒకటై తన కడుపులోకి తనకు తెలియకుండా… చేయి దానంతట అదే లేచింది.

దీప రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

చాలా త్వరగా పెట్టుకుంది. అలవాటైన మనిషిలా పెట్టుకుంది. దశరథ లేపిన చేయిని తానే చూసుకున్నాడు. తన కూతురు తనను చూసి మొహం కాచుకుంటోంది.

"నిన్ను నేను ఎప్పుడన్న కొట్టిన్నా?"

"ఉగాదికి. యాది లేదా?"

లేదు. ఎంత వెతికినా లేదు. కుర్చీ లేపి, దాని మీద మెల్లగా కూర్చున్నాడు. "మీ అమ్మను?"

దీప అవునన్నట్టు తల ఊపి, మళ్లీ గ్లాసు తిప్పసాగింది. హోటల్‌లో జనం తింటూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. దశరథకు ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవడం అతనికి చేతకాదు, అందుకని టీ తాగాడు. తీపి తగిలింది, వేడి తగిలింది.

"దీపా, నాకు వాసనొస్తలేదే."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని ముందుకు వంగింది. "ఎప్పటిసంది?"

దశరథ కళ్లు మూసుకుని మనసులో వెనక్కి నడిచాడు. ఆఖరుగా తనకు తెలిసిన వాసన ఏది? ఉగాది పచ్చడి కాదు. సంకురాత్రి నువ్వులు కాదు. మక్క కంకి ఉడికిన వాసన ఒకటి తగిలింది. ట్యాంకు మీద ఆవిరి, నిచ్చెన ఇనుము చెమ్మ. అయినయ్, కట్టెయ్ అని బీరప్పకు చేయి ఊపబోయాడు. దాని తర్వాత ఏ వాసనా లేదు.

"నేను పడ్డప్పటిసంది" అన్నాడు.

దీప నోటి మీద చేయి పెట్టుకుంది. "డాక్టరమ్మ అడిగింది నాయినా. తలకు దెబ్బలేమన్న తగిలినయా అని. అమ్మ లేదన్నది. నేను గూడ, మానిన దెబ్బే గదా అనుకున్న."

"ఎందుకు లేదన్నది?"

"మిల్లుల పడ్డట్టు ఎవ్వరికీ చెప్పొద్దని సేటు అన్నడంట గదా. చెప్తే మిల్లు మీద కేసయితది, నీ పని పోతదని. నీ పని పోవద్దని అమ్మ అబద్ధం చెప్పింది."

*

సూర్యాపేటలో ఆ డాక్టరమ్మ సాయంత్రం పూట చూస్తుంది. వీళ్లు వెళ్లేసరికి, దీప ఫోన్ చేస్తే శైలజ మిర్యాలగూడ నుంచి వచ్చి బల్ల మీద కూర్చుని ఉంది. దశరథను చూసి లేచి నిలబడింది. అతను మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. దీప వచ్చి ఆ చోటులో కూర్చుంది.

లోపల డాక్టరమ్మ అంతా విన్నది. అతని వెనక తల మచ్చను వేళ్లతో తడిమింది. పడ్డాక ఎంతసేపు సోయి లేదో అడిగితే దశరథకు తెలియదు. శైలజ తల వంచుకుని, "మొహం మీద నీళ్లు గొట్టినా లేవలేదంట మేడం. బీరప్ప అన్న చెప్పిండు" అంది.

తర్వాత డాక్టరమ్మ అతన్ని కళ్లు మూసుకోమంది. సీసా మూత తిప్పిన చప్పుడైంది. ఏదో చల్లగా ముక్కుకు ఆనింది. ఒక పక్క మూసి పీల్చమంది, ఇంకో పక్క మూసి పీల్చమంది.

"ఏమొచ్చింది?"

"ఏం రాలే. ఖాళీ సీసా వెట్టి నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నరా?"

గది ఆ చివర, తలుపు పక్కన కూర్చున్న శైలజ గొంతు వినబడింది. "కాఫీ పొడి" అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దశరథ కళ్లు తెరిచాడు. సీసా నిండా కాఫీ పొడే ఉంది.

"వెల్లకిలా పడితే దెబ్బ వెనక తగులుతుంది" అంది డాక్టరమ్మ. "కానీ లోపల మెదడు ఊగి ముందు ఎముకకు కొట్టుకుంటుంది. వాసన తెచ్చే నరాలు అక్కడే, దారప్పోగుల్లా ఉంటాయి, తెగిపోతాయి. కోపాన్ని, అనుమానాన్ని పట్టి ఉంచే చోటు కూడా ఆ దగ్గరలోనే ఉంటుంది. పైన కుట్లు మానాయి గాని లోపల సంగతి ఎవరూ చూడలేదు."

"అయితే నాకు పిచ్చి లేదా?"

"జబ్బు ఉంది. అది మీ గుణం కాదు. దెబ్బ తగిలిన అందరికీ ఇలా కాదు, కొందరికవుతుంది. స్కాన్ తీయిద్దాం. తీసినా అందులో అన్నీ కనబడవు. ఇదే కారణమని నేను ప్రమాణం చేయలేను. కానీ మీరు ఇంతమందిని అనుమానించారు చూడండి, అనుమానించాల్సింది ఆ దెబ్బను."

"వాసన మళ్ల వస్తదా?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "ఇంతకాలం రాలేదు కదా, రాకపోవచ్చు. నిద్ర వస్తుంది, కోపం తగ్గుతుంది. ఇంకో మాట. మిమ్మల్ని చూడకుండా గోలీలు రాయడం నా పొరపాటు. కలిపి పెట్టమనడం ఇంకా పొరపాటు. ఇకనుంచి మీకు తెలిసే ఇస్తారు, మీరు తెలిసే వేసుకోవాలి."

దశరథ తల ఊపాడు. ఊపుతుండగానే డాక్టరమ్మ శైలజ వైపు ఒకసారి చూడడం, శైలజ ఆమె వైపు చూడడం కంటబడ్డాయి. ఏం చెప్పుకున్నారు వాళ్లిద్దరూ? కారణం తెలిసినంత మాత్రాన పురుగు చస్తుందా!

దీప కోదాడ బస్సు ఎక్కింది. మొగుడూ పెళ్లాలు మిర్యాలగూడ బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. చాలా దూరం వచ్చాక శైలజ కిటికీ వైపు చూస్తూ అంది. "బీరప్ప అన్న ఫోన్ జేసిండు. ఈ యాసంగంత నీకంటే ముందు ఆయనే నిచ్చెనెక్కి వడ్లు సూసి, అయితే నిన్ను పిలిచేటోడంట. నువ్వు మాట పడొద్దని."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు ఎట్ల చెప్తడయ్యా? ఎవలు చెప్తరు నీకు?"

పార ఎత్తినప్పుడు పారిపోకుండా నిలబడిన మనిషి దశరథ కళ్ల ముందు మెదిలాడు. నాటకం అనుకున్నాడు తాను. ఆ ఏడుపు ఇప్పుడు బస్సు చప్పుడులో కూడా వినబడుతోంది.

*

మరునాడు పొద్దున శైలజ పొయ్యి మీద అన్నం పెట్టింది. నీళ్ల గ్లాసు తెచ్చి మొగుడి ముందు పెట్టి, గోలీల అట్ట అతని కళ్ల ముందే చింపి, ఒకటి అతని అరచేతిలో వేసింది. అట్ట కూడా అక్కడే వదిలింది.

"సూస్కో. నీకిష్టమైతేనే ఏస్కో. నేను కలిపి వెట్ట" అంది. "ఒట్టు."

వీధి నల్లాలో నీళ్లు వచ్చినట్టున్నాయి, బిందెల చప్పుడు మొదలైంది. ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

దశరథ వంటింట్లో పీట మీద ఒక్కడే కూర్చున్నాడు. అరచేతిలో తెల్లటి గోలి. నిన్న డాక్టరమ్మ చూపించింది ఇదేనా? ఇంత చిన్నగా ఉందా అది? శైలజ అంత తొందరగా ఎందుకు వెళ్లింది? వేసుకుంటానో లేదో చూడకుండా పోవడమేమిటి? చూడక్కర్లేదన్న ధీమానా? అట్ట తిప్పి చూశాడు. మళ్లీ గోలిని తిప్పి చూశాడు. ఇవన్నీ జబ్బు మాటలని తెలుసు. తెలిసినా అవి ఆగడం లేదు, తన గొంతుతోనే మాట్లాడుతున్నాయి. ఏది తనదో ఏది దెబ్బదో విడదీసి చెప్పేవాళ్లెవరు?

"ఏమయ్యా!" నల్లా దగ్గర నుంచి శైలజ కేక వినబడింది. "అన్నం మాడు వాసనొస్తాంది. జర స్టవ్ బంద్ జెయ్!"

దశరథ స్టవ్ వైపు చూశాడు. చేయి చాపితే అందేంత దగ్గరలో ఉంది. గిన్నె మీద మూత, మూత పక్క నుంచి సన్నగా ఆవిరి. అంతకు ముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ లేదు.

వీధిలో ఉన్న మనిషికి వచ్చిన వాసన పక్కన కూర్చున్న తనకు రాలేదు. నిజంగా మాడుతోందా? తనను పరీక్ష చేస్తోందా? నలుగురు ఆడవాళ్ల ముందు తన ముక్కు సంగతి చెప్పి నవ్వుతోందా? చేయి అలవాటు కొద్దీ మూత మీదికి పోయింది. ఎత్తి చూస్తే సరిపోతుంది. ముక్కు పోయినా కళ్లున్నాయి. మాడిందో లేదో ఒక్క చూపులో తేలిపోతుంది, ఆమె నిజం చెప్పిందో అబద్ధం చెప్పిందో కూడా తేలిపోతుంది.

వేళ్లు మూత పిడిని తాకాయి. వేడిగా ఉంది. అక్కడే ఆగాయి. అలా కాసేపు ఆగి, మెల్లగా కిందికి జారి, స్టవ్ మీటను తిప్పాయి. మంట ఆరిపోయింది.

గోలి నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. చేదు తగిలింది.

శైలజ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె చూపు ముందు గిన్నె మీదికి పోయింది. మూత వేసినట్టే ఉంది. తర్వాత అతని ఖాళీ అరచేతి మీదికి పోయింది. బిందె దించడం మరిచిపోయి అలాగే నిలబడింది.

"తీసి సూసినవా? మాడిందా?" అంది.

"సూడలే" అన్నాడు దశరథ. "నువ్వు చెప్పినవ్ గదా."